ఇన్‌ఫార్మర్ వ్యవస్థ: వాడ మీద పడే నీడ, చట్టం చెప్పేది, మనం అడగాల్సింది

పోలీసులకు రహస్యంగా సమాచారం ఇచ్చే మనిషిని మన ఊళ్లలో ఇన్‌ఫార్మర్ అంటారు. ఆ మాట ఒక్కసారి పేరుకు అంటుకుంటే ఊడదు. ఊరు అనుమానంగా చూస్తుంది, వాడ దూరం పెడుతుంది, సంఘం తలుపు మూస్తుంది. తెలుగు నేల మీద ఆ ముద్ర పడ్డాక ప్రాణాలు పోయిన వాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లలో దళితులు, ఆదివాసులు, వెనుకబడిన కులాల పేదలే ఎక్కువ. అయినా ఈ వ్యవస్థ ఎలా నడుస్తుందో, దాన్ని అదుపు చేసే నియమాలేమిటో మన సమావేశాల్లో చర్చకు రావడం అరుదు. కార్యకర్తలకు, విద్యార్థులకు చేతిలో ఉండాల్సిన సమాచారాన్ని ఇక్కడ ఒకచోట చేర్చాం.

ముందు మాటల తేడా

నాలుగు రకాల మనుషులను కలిపేసి మాట్లాడటం వల్ల చాలా గందరగోళం వస్తోంది.

ఫిర్యాదుదారు: నేరం జరిగిందని బహిరంగంగా చెప్పి ఎఫ్ఐఆర్ నమోదు చేయించే వ్యక్తి. చట్టం ఇంగ్లీషులో ఈయన్నే 'ఇన్‌ఫార్మెంట్' అంటుంది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలో ఆ మాటకు అర్థం ఇదే.

సాక్షి: చూసినది, విన్నది కోర్టులో చెప్పే వ్యక్తి. పేరు రికార్డులో ఉంటుంది. రక్షణ కోరే హక్కు ఉంది.

ఇన్‌ఫార్మర్: పేరు బయటికి రాకుండా పోలీసులకు కబురు చేరవేసే వ్యక్తి. కోర్టుకు రాడు. అతనితో పోలీసుల సంబంధం చాలావరకు నోటిమాట మీదే నడుస్తుంది.

కోవర్టు: ఒక సంస్థలోకి కావాలని పంపిన, లేదా లోపల ఉండగానే లొంగదీసుకున్న వ్యక్తి. సమాచారంతో ఆగకుండా సంస్థ దిశనే మార్చగలడు, హత్యలూ చేయించగలడు.

అట్రాసిటీ కేసు పెట్టిన దళితుడిని "పోలీసుల మనిషి" అని ఊళ్లో ప్రచారం చేయడం పెత్తందార్ల పాత ఎత్తు. ఫిర్యాదుదారుకు, ఇన్‌ఫార్మర్‌కు ఉన్న తేడాను మనమే స్పష్టంగా చెప్పకపోతే ఆ ఎత్తు పారుతుంది.

నడిగడ్డ నుంచి నల్లమల దాకా

కృష్ణా, తుంగభద్రల మధ్య ఉన్న నేలను నడిగడ్డ అంటారు. దాని కొసన అలంపూర్ ఉంది. తుంగభద్ర దాటితే కర్నూలు. హైదరాబాద్ నుంచి బెంగళూరు పోయే 44వ నంబరు జాతీయ రహదారి ఈ చౌరస్తా మీదుగానే పోతుంది. తూర్పుకు వెళితే కొల్లాపూర్, అచ్చంపేట, ఆపైన నల్లమల. 2016 అక్టోబర్ 11న పాత మహబూబ్‌నగర్ నుంచి జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలు విడిపోయాయి. అలంపూర్, అచ్చంపేట అసెంబ్లీ స్థానాలు, నాగర్‌కర్నూల్ లోక్‌సభ స్థానం ఎస్సీ రిజర్వుడు.

ఇక్కడ ఇన్‌ఫార్మర్ వ్యవస్థకు రెండు ముఖాలున్నాయి. మొదటిది నల్లమలలో నక్సలైట్ ఉద్యమం బలంగా ఉన్న కాలానిది. అడవి అంచు గూడేల్లో, వాడల్లో పగలు పోలీసులు, రాత్రి దళాలు. ఎవరికి అన్నం పెట్టినా రెండోవాళ్లకు జవాబు చెప్పుకోవాల్సిన బతుకు. రెండోది సరిహద్దుది. ఆంధ్రప్రదేశ్‌లో మద్యం ధరలు బాగా పెరిగిన 2019 తర్వాతి ఏళ్లలో తెలంగాణ సీసాలు నది దాటాయి. కర్నూలు అంచున పంచలింగాల చెక్‌పోస్టు దగ్గర పట్టివేతలు మామూలయ్యాయి. మద్యం, ఇసుక, గంజాయి, కల్తీ విత్తనాలు, ఏ కేసులోనైనా పోలీసు ప్రకటన "విశ్వసనీయ సమాచారం మేరకు" అనే మొదలవుతుంది. ఆ సమాచారం ఇచ్చింది ఎవరు, ఎందుకు ఇచ్చారు, దాని బదులు ఏం పొందారు అన్నది ఎక్కడా కనిపించదు. పట్టుబడేది బండి తోలిన కూలీ. సరుకు యజమాని పేరు చార్జిషీటు దాకా రావడం అరుదు.

ఎవరిని, ఎలా లాగుతారు

ఊరి కబురు పైకి చేరవేసే పని కింది కులాల మీద వేయడం కొత్త కాదు. నిజాం కాలం నుంచి తెలంగాణ గ్రామంలో శాంతిభద్రతల పెత్తనం పోలీస్ పటేల్‌ది. పరుగులు పెట్టి కబురు తెచ్చేది, దొరికిన శవానికి కాపలా కాసేది ఆయన చేతి కింది వెట్టివాళ్లు. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చి పటేల్, పట్వారీ వ్యవస్థను రద్దు చేసింది. పదవి పోయినా అలవాటు పోలేదు. స్టేషన్‌కు ఊరి మనిషి కావాలి. ఆ మనిషి ఎదురు చెప్పలేని వాడై ఉండాలి.

ఎదురు చెప్పలేకుండా చేసే సాధనాలు మనకు తెలిసినవే.

మొదటిది కేసు. చిన్న దొంగతనం, గొడవ, సారా కేసులో పట్టుబడ్డ కుర్రాడికి "చెప్పింది చేస్తే వదిలేస్తాం" అని ఆశ పెడతారు. రాతలో ఏమీ ఉండదు. కేసు తీసేస్తామన్న మాట ఇచ్చిన ఎస్ఐ బదిలీ అయితే కేసు మిగులుతుంది, మాట మిగలదు.

రెండోది షీటు. పోలీసు స్టాండింగ్ ఆర్డర్ల కింద తెరిచే రౌడీ షీటు, సస్పెక్ట్ షీటు ఏళ్ల తరబడి మెడ మీద కత్తిలా ఉంటుంది. పండగొచ్చినా, ఎన్నికలొచ్చినా స్టేషన్‌కు పిలుస్తారు. 1871 నాటి క్రిమినల్ ట్రైబ్స్ చట్టం 1952లో రద్దయినా ఎరుకల వంటి సమూహాల మీద ఆ చూపు మారలేదు. 2024 మే 7న అమానతుల్లా ఖాన్ కేసులో సుప్రీంకోర్టు ఈ విషయాన్నే పట్టుకుంది. వెనుకబడిన వర్గాలు, ఎస్సీ, ఎస్టీలకు చెందిన అమాయకుల పేర్లు యాంత్రికంగా హిస్టరీ షీట్లలోకి ఎక్కకుండా రాష్ట్రాలు తమ విధానాలను సరిచూసుకోవాలని చెప్పింది.

మూడోది ఆకలి, అప్పు. విత్తన పత్తి ఆర్గనైజర్‌కు బాకీ పడ్డవాడికి, వలస నుంచి ఖాళీ చేతులతో తిరిగొచ్చినవాడికి అయిదొందల నోటు కూడా పెద్దదే.

నాలుగోది పగ. భూమి తగాదాలో ఎదుటివాడిని ఇరికించడానికి తానే వెళ్లి కబురు చెప్పేవాళ్లుంటారు. వాళ్లు పేదలే కానక్కరలేదు. అబద్ధపు సమాచారానికి అసలు ఊట తరచుగా ఇదే.

నయీం: అదుపు తప్పిన వ్యవస్థకు ఆనవాలు

తెలంగాణలో ఇన్‌ఫార్మర్ల నిర్వహణ ఎంత ప్రమాదంగా మారగలదో చెప్పడానికి నయీం ఉదంతం చాలు. భువనగిరికి చెందిన నయీముద్దీన్ మొదట పీపుల్స్‌వార్‌లో పనిచేశాడు. 1993 జనవరి 27న హైదరాబాద్ ఎల్బీ స్టేడియంలో ఐపీఎస్ అధికారి కె.ఎస్. వ్యాస్‌ను చంపిన కేసులో నిందితుడు. అలాంటి మనిషి తర్వాతి కాలంలో పోలీసు ఇంటెలిజెన్స్‌కు చేతివాటంగా మారాడని, ఉద్యమ కార్యకర్తల మీదికి అతన్ని వదిలారని హక్కుల సంఘాలు ఏళ్ల తరబడి చెబుతూ వచ్చాయి. 1999 మేలో గాయని బెల్లి లలిత, 2000 నవంబర్‌లో పౌరహక్కుల సంఘం నాయకుడు పురుషోత్తం, 2001 ఫిబ్రవరిలో ఆజం అలీ హత్యల్లో అతని ముఠా పేరు వినిపించింది.

2016 ఆగస్టు 8న, అప్పటికి మహబూబ్‌నగర్ జిల్లాలోనే ఉన్న షాద్‌నగర్‌లో నయీం ఎన్‌కౌంటర్‌లో చనిపోయాడు. ప్రభుత్వం ఐజీ నాగిరెడ్డి నాయకత్వంలో ప్రత్యేక దర్యాప్తు బృందాన్ని వేసింది. భూకబ్జాలు, బెదిరింపు వసూళ్లు, హత్యల మీద వందకు పైగా కేసులు నమోదయ్యాయి. అతనితో సంబంధాల ఆరోపణల మీద 2017 మేలో అయిదుగురు పోలీసు అధికారులను సస్పెండ్ చేశారు.

ఒక నేరగాడి కథగా దీన్ని చదివి వదిలేయకూడదు. అతన్ని ఎవరు, ఏ స్థాయి అనుమతితో, ఎన్నాళ్లు వాడుకున్నారు? అతని నేరాల మీద ఫిర్యాదులు వచ్చినప్పుడు ఎవరు ఆపారు? ఈ ప్రశ్నలకు బహిరంగ జవాబు కావాలంటే అతను బతికి కోర్టులో నిలబడాలి. మనిషితోపాటే ఆ జవాబూ పోయింది. ఇన్‌ఫార్మర్‌కు, అధికారికి మధ్య కాగితం లేని చోట సమాచారం ఇచ్చేవాడే మెల్లగా యజమాని అవుతాడు. అధికారి అతని నేరాలకు కాపలాదారు అవుతాడు.

2005: పాలమూరు చూసిన ఏడాది

2004 అక్టోబర్‌లో ప్రభుత్వానికి, నక్సలైట్లకు మధ్య శాంతి చర్చలు జరిగాయి. నేతలు నల్లమల నుంచే బయటికొచ్చారు. 2005 జనవరికి చర్చలు ముగిసిపోయాయి. చర్చల కాలంలో బయటపడ్డ సంబంధాలు, ఇళ్లు, ముఖాలు ఆ తర్వాత వేటకు దారి చూపాయి. 2005 ఆగస్టు 15న నారాయణపేటలో మక్తల్ ఎమ్మెల్యే చిట్టెం నర్సిరెడ్డిని మావోయిస్టులు కాల్చి చంపారు. రెండు రోజులకే ప్రభుత్వం మావోయిస్టు పార్టీని, విరసాన్ని నిషేధించింది. ఆ వెంటనే 'కోబ్రాల' పేరుతో హత్యలు మొదలయ్యాయి. ఆగస్టులోనే మహబూబ్‌నగర్ జిల్లాలో ఉపాధ్యాయ నాయకుడు కనకాచారిని, సెప్టెంబర్‌లో ప్రకాశం జిల్లాలో కుల నిర్మూలన పోరాట సమితి నాయకుడు మన్నం ప్రసాద్‌ను చంపారు. అడ్రసు లేని ఆ ముఠాల వెనుక లొంగిపోయిన మాజీలు, వాళ్లను నడిపిన పోలీసులు ఉన్నారని హక్కుల సంఘాలు ఆరోపించాయి.

రెండో వైపునూ చూడాలి. "ఇన్‌ఫార్మర్" అన్న తీర్పుతో నక్సలైట్లు చంపినవాళ్లూ పేదలే. విచారణ లేదు, అప్పీలు లేదు. పోలీసు దెబ్బలకు తాళలేక నోరు విప్పినవాడికి, డబ్బు కోసం చెప్పినవాడికి తేడా చూడలేదు. రాజ్యహింసను నిలదీస్తూనే ఈ హత్యలను కూడా ప్రశ్నించాలని బాలగోపాల్ పట్టుబట్టారు. 1998లో ఏర్పడిన మానవ హక్కుల వేదిక వెనుక ఉన్న ఆలోచనల్లో అదొకటి. దళిత ఉద్యమం ఈ రెండో ప్రశ్నను వదులుకోకూడదని మేం అనుకుంటున్నాం. పోలీసు వాడుకున్నా, పార్టీ చంపినా శవం లేచేది వాడలోనే.

ఛత్తీస్‌గఢ్‌లో ఇదే విషాదం పెద్ద ఎత్తున జరిగింది. సల్వాజుడుం కాలంలో ఆదివాసీ యువకులను నెలకు 3,000 రూపాయల గౌరవ వేతనంతో ప్రత్యేక పోలీసు అధికారులుగా పెట్టారు. దారి చూపడానికి, మనుషులను గుర్తుపట్టడానికి వాళ్లు పనికొచ్చారు. ఎదురుదాడికి ముందు బలైందీ వాళ్లే. 2011 జూలై 5న నందినీ సుందర్ కేసులో జస్టిస్ బి. సుదర్శన్‌రెడ్డి, జస్టిస్ ఎస్.ఎస్. నిజ్జర్ ఆ నియామకాలు రాజ్యాంగంలోని 14, 21 అధికరణలకు విరుద్ధమని తీర్పు ఇచ్చారు. పేద యువకుల ప్రాణాలను చవకగా ఖర్చు చేసే హక్కు రాజ్యానికి లేదన్నది ఆ తీర్పు సారం. ప్రతి ఇన్‌ఫార్మర్ విషయంలోనూ ఈ సూత్రమే కొలబద్ద కావాలి.

చట్టంలో ఏముంది, ఏం లేదు

ఇన్‌ఫార్మర్లను ఎలా ఎంచుకోవాలి, ఎవరు అనుమతించాలి, ఎంతకాలం వాడాలి అని చెప్పే పార్లమెంటు చట్టం మన దేశంలో లేదు. ఉన్నదంతా రహస్యాన్ని కాపాడే ఏర్పాట్లే.

సమాచారం ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పాలని పోలీసు అధికారిని బలవంతపెట్టరాదని పాత సాక్ష్య చట్టం 125వ సెక్షన్ చెప్పింది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలో అది 131వ సెక్షన్. సమాచార హక్కు చట్టం సెక్షన్ 8(1)(జి) కూడా రహస్య సమాచారదారు గుర్తింపును కాపాడుతుంది. ఈ రక్షణ అవసరమే, పేరు బయటపడితే మనిషి చనిపోవచ్చు. కానీ అదే తెర వెనుక అధికారి కల్పించిన "విశ్వసనీయ సమాచారం" కూడా దాక్కుంటుంది.

మన చేతిలో ఉన్న సెక్షన్లు ఇవి.

సెక్షన్ 3(1)(క్యూ), అత్యాచారాల నిరోధక చట్టం: ఎస్సీ, ఎస్టీ వ్యక్తికి హాని లేదా ఇబ్బంది కలిగేలా ప్రభుత్వ ఉద్యోగికి తప్పుడు సమాచారం ఇచ్చిన ఎస్సీ, ఎస్టీయేతరుడు శిక్షార్హుడు. పగతో ఇచ్చిన అబద్ధపు కబురుకు ఇది సూటిగా వర్తిస్తుంది. దీన్ని వాడేవాళ్లు తక్కువ.

సెక్షన్ 15ఎ, అదే చట్టం: బాధితులకు, వారి మీద ఆధారపడినవారికి, ఫిర్యాదుదారులకు, సాక్షులకు పూర్తి రక్షణ, ప్రయాణ ఖర్చులు, పునరావాసం, అవసరమైతే వేరేచోటికి తరలింపు. బెదిరింపుల మీద ఫిర్యాదు నమోదు చేయడం స్టేషన్ అధికారి విధి. 1985 జూలై 17 నాటి కారంచేడు హత్యాకాండలో ముఖ్య సాక్షి దుడ్డు అలీసమ్మ హత్యకు గురైంది. 2015 సవరణతో వచ్చిన ఈ సెక్షన్‌ను అలాంటి చావుల అనుభవంతో చదవాలి.

సాక్షుల రక్షణ పథకం 2018: మహేందర్ చావ్లా కేసులో 2018 డిసెంబర్ 5న సుప్రీంకోర్టు ఆమోదించింది. జిల్లా జడ్జి అధ్యక్షతన ఉండే అథారిటీకి దరఖాస్తు చేయాలి. సబ్‌డివిజన్ పోలీసు అధికారి ముప్పు నివేదిక ఇస్తారు. నాగరిక్ సురక్షా సంహిత 398వ సెక్షన్ ప్రతి రాష్ట్రం ఇలాంటి పథకం తేవాలంటోంది. లోటేమిటంటే, కోర్టుకు రాని ఇన్‌ఫార్మర్ సాక్షి కాదు కాబట్టి ఈ గొడుగు కిందికి రాడు. వాడుకున్నాక అతన్ని వదిలేస్తే అడిగేవాళ్లు లేరు.

సెక్షన్ 179, నాగరిక్ సురక్షా సంహిత: సాక్షిగా పిలవాలంటే రాతపూర్వక ఉత్తర్వు ఉండాలి. మహిళలను, 15 ఏళ్ల లోపు, 60 ఏళ్లు దాటిన వారిని, వికలాంగులను స్టేషన్‌కు రప్పించరాదు, ఇంటి దగ్గరే విచారించాలి.

పరమ్‌వీర్ సింగ్ సైనీ తీర్పు, 2020 డిసెంబర్ 2: ప్రతి పోలీస్ స్టేషన్‌లో సీసీ కెమెరాలు ఉండాలి, రికార్డింగు 18 నెలలు, కనీసం ఏడాది దాచాలి. "మాట్లాడి పంపించాం" అన్న మాటకు ఎదురు సాక్ష్యం అక్కడ ఉంటుంది.

బయటి దేశాల పాఠాలు

1969 డిసెంబర్ 4న షికాగోలో బ్లాక్ పాంథర్ నాయకుడు ఫ్రెడ్ హాంప్టన్‌ను పోలీసులు నిద్రలోనే కాల్చి చంపారు. ఆ ఇంటి నక్షా ఇచ్చింది విలియం ఓనీల్ అనే నల్లజాతి యువకుడు. కారు దొంగతనం కేసు చూపి ఎఫ్‌బీఐ అతన్ని లొంగదీసుకుని పాంథర్లలోకి పంపింది. పని అయ్యాక 300 డాలర్ల బోనస్ ఇచ్చింది. దళిత్ పాంథర్స్‌కు పేరిచ్చిన ఉద్యమాన్ని దెబ్బతీసింది ఆ ఉద్యమ ప్రజల్లోంచే ఎంచుకున్న నిరుపేద యువకుడితో.

2008లో ఫ్లోరిడాలో రేచల్ హాఫ్‌మన్ అనే 23 ఏళ్ల యువతిని గంజాయి కేసులో పట్టుకుని, 13,000 డాలర్లు చేతికిచ్చి తుపాకీ, మత్తుమందులు కొనడానికి పంపారు. ఆమెను చంపేశారు. మరుసటి ఏడాది ఆమె పేరుతో వచ్చిన చట్టం ప్రకారం ఇన్‌ఫార్మర్లను నడిపే పోలీసులకు శిక్షణ ఉండాలి, కేసు ఎత్తేస్తామని తాము హామీ ఇవ్వలేమని ముందే చెప్పాలి, కోరితే లాయర్‌తో మాట్లాడనివ్వాలి.

బ్రిటన్‌లో 2000 నాటి చట్టం కింద ఇన్‌ఫార్మర్‌ను వాడాలంటే రాతపూర్వక అనుమతి కావాలి. రోజూ మాట్లాడే అధికారి ఒకరు, ఆయన్ను పర్యవేక్షించేవారు వేరొకరు, అనుమతి ఇచ్చేవారు పై స్థాయివారు. పెద్దలకు 12 నెలల గడువు, 18 ఏళ్ల లోపు వారికి 4 నెలలు. అయినా అక్కడ జాత్యహంకార హత్యకు గురైన స్టీఫెన్ లారెన్స్ కుటుంబం చుట్టూ చేరిన ఉద్యమం మీదే పోలీసులు నిఘా పెట్టినట్టు బయటపడి, 2015లో బహిరంగ విచారణ కమిషన్ వేయాల్సి వచ్చింది. నియమం పుస్తకంలో ఉంటే చాలదు, బయటివాళ్ల తనిఖీ ఉండాలి.

మనం అడగాల్సిన నియమాలు

ఇన్‌ఫార్మర్‌ను వాడాలన్న నిర్ణయం ఎస్ఐ జేబులో ఉండకూడదు. ఎస్పీ స్థాయి అధికారి రాతపూర్వకంగా, గడువు పెట్టి అనుమతించాలి.

ప్రతి ఇన్‌ఫార్మర్‌కు కోడ్ నంబరుతో రహస్య ఫైలు ఉండాలి. కలిసిన ప్రతిసారీ నమోదు, ఇచ్చిన ప్రతి రూపాయికీ రసీదు. ఒకే అధికారి ఒంటరిగా కలవరాదు.

ముందుగానే ముప్పు అంచనా వేయాలి. ఈ మనిషి పేరు బయటపడితే ఏమవుతుంది, కుటుంబం ఎక్కడ ఉంది, కులం వల్ల అదనపు ప్రమాదం ఏమిటి అని రాయాలి.

పిల్లలను అసలు వాడరాదు. పెండింగ్ కేసు, రౌడీ షీటు చూపి ఒత్తిడి చేయరాదు.

చట్టబద్ధమైన సంఘాలు, విద్యార్థి సంస్థలు, అట్రాసిటీ పోరాట కమిటీల్లోకి మనుషులను పంపరాదు.

ఇన్‌ఫార్మర్ చేసే నేరాన్ని కప్పిపుచ్చడం క్రమశిక్షణ ఉల్లంఘనతో సరిపెట్టే విషయం కాదు, నేరం.

ఒక్క ఇన్‌ఫార్మర్ మాట మీద అరెస్టు చేయరాదు. స్వతంత్ర ఆధారంతో సరిచూడాలి.

సంబంధం ముగిశాక కూడా రక్షణ బాధ్యత పోలీసుదే. ఏటా ఒక న్యాయాధికారి ఈ ఫైళ్లను తనిఖీ చేయాలి. ఫోన్ ట్యాపింగ్ రికార్డులు ధ్వంసం చేశారన్న ఆరోపణ మీద 2024 మార్చిలో హైదరాబాద్ పంజాగుట్ట స్టేషన్‌లో కేసు నమోదైన రాష్ట్రం మనది. లోపలి తనిఖీని నమ్మి కూర్చోలేం.

కార్యకర్తలు ఇప్పుడే చేయగలిగినవి

వాడలో ఎవరినైనా "సార్ రమ్మంటున్నాడు" అని పిలిస్తే ఒంటరిగా పంపొద్దు. రాతపూర్వక నోటీసు అడగండి. వెళ్లిన సమయం, వచ్చిన సమయం, పిలిచినవారి హోదా రాసిపెట్టండి. ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం 1987 చట్టం ఇచ్చిన హక్కు. జాతీయ న్యాయ సేవల సంస్థ నంబరు 15100.

ఒత్తిడి కొనసాగితే జిల్లా ఎస్పీకి, రాష్ట్ర మానవ హక్కుల కమిషన్‌కు, ఎస్సీ, ఎస్టీ కమిషన్‌కు రిజిస్టర్డ్ పోస్టులో ఫిర్యాదు పంపండి. జిల్లా విజిలెన్స్, మానిటరింగ్ కమిటీ సమావేశంలో లేవనెత్తండి. ప్రకాశ్ సింగ్ కేసులో 2006 సెప్టెంబర్ 22న సుప్రీంకోర్టు ఆదేశించిన పోలీసు ఫిర్యాదుల అథారిటీ మన జిల్లాలో ఎక్కడుందని అడగండి.

సమాచార హక్కు కింద పేర్లు అడిగితే రావు, అడగకూడదు కూడా. లెక్కలు అడగవచ్చు: స్టేషన్‌లో ఎన్ని షీట్లు ఉన్నాయి, వాటిలో ఎస్సీ, ఎస్టీలవి ఎన్ని, చివరిసారి సమీక్ష ఎప్పుడు జరిగింది, కెమెరాలు ఎన్ని పనిచేస్తున్నాయి, సాక్షుల రక్షణ దరఖాస్తులు ఎన్ని వచ్చాయి.

చివరిగా మన ఇంటి సంగతి. సంఘంలో ఒకరి మీద అనుమానం వస్తే ఫోన్ గ్రూపుల్లో పేరు పెట్టి ముద్ర వేయొద్దు. అనుమానం పుట్టించి సంస్థను చీల్చడం కూడా నిఘా విభాగాలకు తెలిసిన విద్యే. బాధ్యత ఉన్న ఇద్దరు ముగ్గురు కూర్చుని ఆ మనిషినే పిలిచి అడగాలి. ఒత్తిడికి లొంగి చెప్పానని ఒప్పుకుంటే, అతని మీదున్న కేసును, అప్పును, భయాన్ని మనం ఎంతవరకు మోయగలమో చూడాలి. కీలకమైన బాధ్యతల నుంచి తప్పించవచ్చు, మనిషిని మాత్రం వాడ నుంచి తరమకూడదు. తిరిగి రావడానికి దారి ఉందని తెలిస్తేనే స్టేషన్ గదిలో కూర్చోబెట్టిన కుర్రాడు "నేను చేయను" అనగలడు.